చవకగా చేసేవాడు, జనం వదలనివాడు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం అందింది. ఆస్టిన్ ఎండల గురించి, పిల్లాడి స్కూలు గురించి చదివి సంతోషించాను. చివర్లో అడిగావు చూడు, కంప్యూటర్ కంపెనీల షేర్లు కొనేముందు ఖర్చు చూడాలా, నాణ్యత చూడాలా, కస్టమర్ల అభిమానం చూడాలా అని. ఫలానాది కొనమని చెప్పను గానీ, నువ్వుంటున్న ఊళ్లోనే పుట్టిన కంపెనీ కథ చెప్తాను విను.

మైకేల్ డెల్ 1984లో అక్కడి యూనివర్సిటీ హాస్టల్ గదిలో వ్యాపారం మొదలుపెట్టాడు. డీలర్లతో పనిలేకుండా, ముందు ఆర్డరు తీసుకుని ఆ తర్వాతే మెషిన్ అసెంబుల్ చేసే పద్ధతి పట్టుకున్నాడు. మంచి ఊపులో ఉన్నప్పుడు గోదాములో నాలుగైదు రోజుల సరుకే ఉండేది. కొనేవాడి డబ్బు ముందు వచ్చేది, విడిభాగాలు ఇచ్చినవాడికి తర్వాత కట్టేవారు. చిప్పుల ధరలు రోజురోజుకీ పడిపోయే ఆ వ్యాపారంలో నిల్వ లేకపోవడమే పెద్ద లాభం. ఇన్వెస్టర్లు ఎగబడ్డారంటే ఎగబడరూ మరి!

ఆపిల్ అప్పుడు మునిగిపోయేలా ఉంది. 1997లో నష్టం 100 కోట్ల డాలర్లు దాటింది. ఆపిల్ మీ చేతిలో ఉంటే ఏం చేస్తారని డెల్‌ని ఎవరో అడిగితే, మూసేసి షేర్‌హోల్డర్ల డబ్బు వాళ్లకి ఇచ్చేస్తానన్నాడు. బ్యాలెన్స్ షీట్ మాత్రమే చూసేవాడికి అది సబబైన మాటే.

కానీ డిజైనర్లు, ప్రచురణల వాళ్లు చాలామంది అంత కష్టకాలంలోనూ ఎక్కువ ధర పెట్టి ఆపిల్ వాళ్ల కంప్యూటరు మ్యాకే కొన్నారు. అది ఏ పద్దులోనూ కనిపించదు. 1998లో కాంపాక్ అనే మరో కంప్యూటర్ కంపెనీ నుంచి టిమ్ కుక్ ఆపిల్‌కి వచ్చి గోదాములు మూయించి, నెల రోజుల నిల్వని వారం లోపుకి దించేశాడు. డెల్ సొంత విద్య అనుకున్నది పోటీవాడు ఇట్టే నేర్చేసుకున్నాడురా! నాకు ఈ కథలో అసలు కీలకం ఇదే. చవకగా చేయడం ఎవడైనా నేర్చుకోగలడు. కొనేవాడి మనసు అలా నేర్చుకుంటే వచ్చేది కాదు.

నాణ్యత సంగతి తమాషాగా ఉంటుంది. 2006 ఆగస్టులో ల్యాప్‌టాప్‌లలోని సోనీ బ్యాటరీలు వేడెక్కి అంటుకుంటున్నాయని డెల్ 41 లక్షలు, ఆపిల్ 18 లక్షలు వెనక్కి పిలిచాయి. తప్పు ఒకటే. కానీ డెల్ మీద విసుగొస్తే హెచ్‌పీ కొనుక్కోవచ్చు, లోపల అదే విండోస్. మ్యాక్ వదలాలంటే ఫైళ్లు, సాఫ్ట్‌వేర్, చేతి అలవాటు, అన్నీ మార్చుకోవాలి. అభిమానం అంటే సగం ప్రేమ, సగం ఈ మార్చుకునే బాధ. ఇన్వెస్టర్‌కి రెండూ ముఖ్యమే.

ఆ ఏడాది జనవరిలోనే మార్కెట్ విలువలో ఆపిల్ డెల్‌ని దాటేసింది, రెండూ 7,200 కోట్ల డాలర్ల దగ్గర ఉండగా. 2013లో డెల్ తన కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచే బయటికి తీసుకెళ్లాడు. 2018లో మళ్లీ వచ్చాడు, సర్వర్ల వ్యాపారంతో ఇప్పటికీ గట్టిగానే ఉన్నాడు. ఆఫీసుల వాళ్లు మనసుపడి కొనరు కదా, రేటూ సర్వీసూ చూస్తారు. అక్కడ లెక్క వేరు.

కాబట్టి ముందు నీ జాబితాలోని కంపెనీల వార్షిక నివేదికలు తీసి, 5 ఏళ్ల గ్రాస్ మార్జిన్ (అమ్మకాల్లోంచి సరుకు తయారీ ఖర్చు పోగా మిగిలే శాతం) పక్కపక్కన రాయి. తర్వాత మీ ఆఫీసులో ల్యాప్‌టాప్‌లు కొనే అతన్ని అడుగు, పాతవి మార్చేటప్పుడు ఎంతమంది దగ్గర కొటేషన్ తీసుకుంటాడో. అతనేమన్నాడో నాకు తప్పకుండా రాయి. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
రఘు