చిన్నాన్నకు కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్ నుంచి

చిన్నాన్నకూ పిన్నికీ నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. మీరంతా బాగున్నారని తలుస్తాను.

తమ్ముణ్ణి కూడా ఇక్కడికే మెడిసిన్‌కి పంపాలనుకుంటున్నారనీ, పొగాకు వేలం డబ్బులు చేతికి రాగానే కన్సల్టెన్సీకి అడ్వాన్సు కడతారనీ నాన్న చెప్పాడు. ఫోన్లో అయితే అమ్మ పక్కనే ఉంటుంది, అన్నీ మాట్లాడలేను. అందుకే రాస్తున్నా.

చలి గురించీ తిండి గురించీ అందరూ అడుగుతారు. వాటికి అలవాటు పడతాం చిన్నాన్నా. అసలు కష్టం వార్డులో ఉంది. క్లాసులు ఇంగ్లిష్‌లోనే చెబుతారు, కన్సల్టెన్సీవాళ్ల ఆ మాట నిజమే. కానీ రోగులు మాట్లాడేది రష్యన్, కాకపోతే కిర్గిజ్. నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, జ్వరం రాత్రిపూటే వస్తోందా అని మంచం పక్కన నిలబడి మనమే అడగాలి. భాష రానివాళ్లు వెనక నిలబడి సార్ చెప్పింది రాసుకుని వచ్చేస్తారు. ఒకసారి ఒక పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏదో చెప్పుకుంది. ఆయాసం అన్న ముక్క తప్ప నాకేమీ అందలేదు. ఆ రాత్రి హాస్టల్లో బాగా ఏడ్చాను. మన కనిగిరిలో ముసలమ్మలు కోడలి మీద చాడీలు చెబుతూనే మధ్యలో అసలు జబ్బు చెప్పేస్తారు కదా, ఇక్కడివాళ్లూ అంతే. తర్వాత బయట ఒక టీచరమ్మ దగ్గర రష్యన్ నేర్చుకున్నా. ఇప్పుడు పిల్లల వార్డులో తల్లులు నాతో కబుర్లు చెబుతారు. చదువు మీద నాకు మళ్లీ ఇష్టం కలిగింది అప్పుడే.

ఇక ఎఫ్‌ఎంజీఈ, అంటే విదేశాల్లో మెడిసిన్ చదివొచ్చినవాళ్లకు మన దేశంలో పెట్టే పరీక్ష. ఇక్కడ డిగ్రీ వచ్చినా ఎఫ్‌ఎంజీఈ పాసైతేనే మన దగ్గర వైద్యం చెయ్యనిస్తారు. 300 ప్రశ్నలు, 150 రావాలి, ఏడాదికి రెండుసార్లు పెడతారు. రాసినవాళ్లలో ఎక్కువమంది ఫెయిలవుతున్నారు. తెలివి లేక కాదు. అందులో మన టీకాల షెడ్యూలు, మన టీబీ కార్యక్రమం లాంటివి అడుగుతారు, ఇక్కడి సిలబస్‌లో అవి ఉండవు. కట్లపాము కాటు గానీ, మన కనిగిరి వైపు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన నడుములు గానీ ఇక్కడి వార్డుల్లో నేను చూడలేదు. వాటిని పుస్తకంలో విడిగా చదువుకోవాల్సిందే.

మన దేశంలో డాక్టరు చదువుల్ని చూసే నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబరులో తెచ్చిన రూల్స్ కూడా చూడండి. కనీసం 54 నెలల చదువు, ఆపైన 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ ఒకే కాలేజీలో ఇంగ్లిష్‌లోనే జరగాలి. చదివిన దేశంలోనూ ప్రాక్టీసుకు పనికొచ్చే డిగ్రీ అయ్యుండాలి. మన దగ్గరికొచ్చి మళ్లీ ఏడాది ఇంటర్న్‌షిప్. అంతా పదేళ్లలో ముగియాలి. నచ్చకపోతే మధ్యలో కాలేజీ మార్చొచ్చు అని ఎవరైనా అంటే నమ్మకండి. నీట్ క్వాలిఫై కాకపోయినా పర్లేదు అనేవాళ్ల గుమ్మం కూడా తొక్కకండి.

2024 మే నెల మాటా చెప్పాలి. 17వ తేదీ రాత్రి విదేశీ విద్యార్థుల హాస్టళ్ల మీద ఇక్కడ గుంపులు దాడి చేశాయి. మేం తలుపులకు మంచాలు అడ్డం పెట్టి, లైట్లు ఆర్పి కూర్చున్నాం. బయటికి రావద్దని మన ఎంబసీ చెప్పింది. మా మెస్ అన్న మాకు అన్నం తెచ్చిపెట్టడానికి పడ్డ పాట్లు నేను మర్చిపోలేను. ఇప్పుడు పరిస్థితి ప్రశాంతంగానే ఉంది. కానీ పిన్నికి ఇది ముందే తెలియాలి, ఏ టీవీలోనో చూసి భయపడకూడదు.

తమ్ముణ్ణి పంపొద్దని నేననను. నన్నడిగితే, ఒంగోలులోనో నెల్లూరులోనో గవర్నమెంటు సీటు కోసం ఇంకో ఏడాది నీట్ రాయించండి. అయినా రాకపోతే, డాక్టరు కావాలని వాడికే గట్టిగా ఉంటే అప్పుడు పంపండి. టికెట్ తియ్యకముందే రష్యన్ అక్షరాలు మొదలుపెట్టమనండి, నేను నేర్పిస్తా. ఫీజు డాలర్లలో కాబట్టి ఏటేటా రూపాయల్లో పెరుగుతూనే ఉంటుంది. పొగాకు రేటు పడిపోయిన ఏడాది ఎట్లా కడతారో నాన్నతో కూర్చుని లెక్క వేసుకోండి. ఎఫ్‌ఎంజీఈ కోచింగ్‌కీ కొంత పక్కన పెట్టాలి.

అడ్వాన్సు కట్టే ముందు కాలేజీ పేరు నాకు వాట్సాప్‌లో పంపండి. అక్కడ చదివే సీనియర్లను నేనే వెళ్లి అడిగి వస్తా. ఆదివారం పొద్దున్నే ఫోన్ చెయ్యండి, ఇక్కడ మనకంటే అరగంటే ముందు.

మీ అమ్మడు