ఆనముడి కప్పనూ అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో చేర్చండి

కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పు శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

మాది కడప జిల్లా సిద్ధవటం వైపు ఒక పల్లె. బడిలో సైన్సు చెబుతాను. మా లంకమల అడవిలో ఉండే కలివికోడి గురించి మీకు తెలిసే ఉంటుంది. ఎనభై ఏళ్లకు పైగా ఎవరి కంటా పడక, ఇక లేదనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ కనిపించింది. దాని కోసమే లంకమల అభయారణ్యం అయింది. అంతరించిపోయే ప్రమాదం బాగా ఉన్న జీవుల కోసం మీ శాఖ పెట్టుకున్న ప్రత్యేక జాబితాలోనూ దాని పేరుంది. ఇరవైకి పైగా జీవులున్న ఆ జాబితాలో ఒక్క కప్ప కూడా లేదు. ఈ లేఖ రాస్తున్నది అందుకే.

కేరళలో మున్నార్ దగ్గరి ఆనముడి 2,695 మీటర్ల ఎత్తు. హిమాలయాలకు దక్షిణాన మన దేశంలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. ఆ కొండ మీది గడ్డినేలల్లో సుమారు అంగుళం మాత్రమే ఉండే ఒక కప్ప ఉంది. ఎరుపు కలిసిన నారింజ రంగు, ఒళ్లంతా బుడిపెలు, పొట్టి కాళ్లు. గెంతడం కన్నా పాకడమే ఎక్కువ. శాస్త్రవేత్త ఎస్.డి. బిజు బృందం 2010లో దీన్ని లోకానికి పరిచయం చేసినప్పుడు, అది ఉంటున్న చోటు మొత్తం 3 చదరపు కిలోమీటర్లు కూడా లేదు. తర్వాత ఆ కొండ ఉన్న ఎరవికులం నేషనల్ పార్కులోనే మరికొన్ని చోట్ల కనిపించింది. సంతోషమే. కానీ ఆ పార్కు మొత్తం 97 చదరపు కిలోమీటర్లే.

పిల్లలకు కప్ప పాఠం చెప్పేటప్పుడు గుడ్డు, తోకకప్ప, కప్ప అని బోర్డు మీద బొమ్మ గీస్తాం. ఈ కప్పకు ఆ మధ్య దశ లేదు. పొట్టి వెదురు పొదల మొదళ్లలో గుడ్లు పెడుతుంది, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పే బయటికొస్తుంది. దానికి చెరువుతో పని లేదు. కావలసిందల్లా ఆ పొదల్లోని తడి, చల్లదనం, మంచు. అవే తగ్గిపోతే? వాతావరణం వేడెక్కుతుంటే కింది కొండల జీవులు ఇంకాస్త పైకి జరుగుతాయి. ఇది ఇప్పటికే శిఖరం మీద ఉంది. ఇంకెక్కడికి ఎక్కుతుంది? ఎండాకాలం ఒక్క కార్చిచ్చు ఆ పొదల్లోకి పాకినా చాలు, గుడ్లకు చోటుండదు. నాకు నిజంగా టెన్షన్‌గా ఉంది.

అదే కొండ మీద తిరిగే నీలగిరి తార్ అనే అడవిమేక మీ జాబితాలో ఉంది. అవి ఈనే రోజుల్లో పార్కును పర్యాటకులకు మూసేస్తారు కూడా. మంచి పని. మా జిల్లా నుంచి మున్నార్ వెళ్లొచ్చినవాళ్లు ఆ తార్ ఫొటోలు చూపిస్తుంటారు. దాని కాళ్ల దగ్గరి పొదలో ఉన్న కప్ప గురించి ఒక్కరూ చెప్పలేదు. వాళ్లకు చెప్పినవాళ్లుంటే కదా!

నేను అడిగేది పెద్ద ఖర్చుల పని కాదు. ఆనముడి కప్పను ఆ జాబితాలో చేర్చండి. ఆ వెదురు పొదల దగ్గర ఏటా వేడి, తేమ కొలిచి, కప్పల లెక్క తీసే ఏర్పాటు చేయండి. ఆ వివరాలు అందరికీ కనిపించేలా పెట్టండి. మంటలు అటు రాకుండా చూసే వాచర్లు ఆ కొండ పల్లెలవాళ్లే అయితే మంచిది. ఏ పొద ఎక్కడుందో వాళ్లకే బాగా తెలుసు.

మీ జవాబు వస్తే మా ఎనిమిదో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తాను. కప్ప బొమ్మ గీసి, రంగులేసి ఈ లేఖకు జతచేసింది వాళ్లే.

ఇట్లు,
సిద్ధవటం వైపు నుంచి ఒక ఉపాధ్యాయుడు