మా వర్క్‌షాప్ మొదలవడానికి సాయపడ్డవాళ్లకు కృతజ్ఞతలు

మా వర్క్‌షాప్‌లో కొత్త మాండ్రెల్ బెండింగ్ మెషీన్ (పైపు నొక్కుకుపోకుండా లోపల కడ్డీ పెట్టి వంచేది) పని మొదలుపెట్టింది. దాన్ని దించి, లెవెల్ చూసి, కరెంటు కనెక్షన్ ఇచ్చేదాకా మాతోనే ఉన్న మిత్రులకు పేరుపేరునా ధన్యవాదాలు. ఇదే అదనుగా, అసలు ఈ వ్యాపారం పుట్టడానికి కారణమైనవాళ్ల గురించి కూడా చెప్పాలి. నలుగురిలో వాళ్లకు థాంక్స్ చెప్పే అవకాశం ఇంతవరకు రాలేదు.

వ్యాపారం చేయాలని నాన్న అనుకోలేదు. తన పాత కారుకి మంచి ఎగ్జాస్ట్ హెడర్, అంటే ఇంజిన్ పొగను బయటికి తెచ్చే పైపుల సెట్టు, కావాలనుకున్నారు, అంతే. ఆ మోడల్‌కి ఎవరూ చేయడం లేదు. కారుతో వచ్చిన పోత ఇనుము మానిఫోల్డ్‌లో నాలుగు సిలిండర్ల పొగ ఇరుకులో కలిసి, ఒకదాని ఒత్తిడి ఇంకోదానికి అడ్డుపడేది. నాలుగు పైపులూ సమాన పొడవుతో విడిగా వచ్చి చివర్లో కలిస్తే, ముందు వెళ్లిన పొగ వెనకదాన్ని లాక్కెళుతుంది. కానీ స్టార్టర్ మోటార్‌నీ స్టీరింగ్ రాడ్‌నీ తప్పించుకుంటూ నాలుగింటినీ ఒకే పొడవులో తేవడం మాటలు కాదు. నాన్న ఒక్కో పైపు దారినీ ముందు ఇనుప తీగతో వంచి చూసుకునేవారు.

ఆయన దగ్గరున్న ఆర్క్ మెషీన్ పెడితే పల్చటి స్టెయిన్‌లెస్ పైపుకి చిల్లులు పడేవి. అప్పుడు రిటైరైన ఒక వెల్డింగ్ మాస్టారు పల్చటి లోహాన్ని కూడా అతికించగల తన టిగ్ వెల్డింగ్ మెషీన్ తెచ్చి మా షెడ్డులో పెట్టారు. పైపు లోపల కూడా ఆర్గాన్ వాయువు నింపాలని చెప్పింది ఆయనే. లేదంటే అతుకు లోపలి వైపు గాలి తగిలి, మాడిన పంచదారలా నల్లగా గరుకుగా తేలుతుంది. పగులు మొదలయ్యేదీ అక్కడే. ఫ్లాంజ్‌ని (పైపులను ఇంజిన్‌కి బిగించే బిళ్లని) దళసరి పలకకు బిగించి, ఈ మూల కొంచెం, ఆ మూల కొంచెం అతికించేవారు. పూర్తిగా చల్లారేదాకా ఒక్క బోల్టు కూడా ముట్టుకోనిచ్చేవారు కాదు. మాస్టారూ, తమ్ముడు ఇవాళ్టికీ అదే పద్ధతిలో చేస్తున్నాడు.

ఇంజిన్ పవర్ కొలిచే డైనో యంత్రం ఖాళీగా ఉన్న రాత్రుల్లో మమ్మల్ని పిలిచిన అన్నకు మేం ఎంతో రుణపడి ఉన్నాం. చప్పుడు విని పవర్ పెరిగిందనుకోవద్దని, అదే కారు, అదే పెట్రోలు పెట్టి మార్పుకి ముందూ తర్వాతా కొలిచి చూపించారు. హెడర్ మార్చాక ఇంజిన్‌లోకి గాలి ఎక్కువ వెళితే మిశ్రమం పల్చబడుతుంది. పెట్రోలు పూర్తిగా మండే నిష్పత్తి బరువులో గాలి 14.7కి పెట్రోలు 1 అయినా, ఫుల్ థ్రాటిల్‌లో ఇంజిన్‌కి అంతకన్నా చిక్కటి మిశ్రమం కావాలి. అందుకే కార్బురేటర్‌లో పెట్రోలు కొలిచి వదిలే జెట్లు కూడా చూడకుండా ఏ కారునీ పంపొద్దన్నారు. ఆ మాట మేం ఇప్పటికీ దాటలేదు.

నాన్న ఎప్పుడూ అమెరికాలో కారు ఇంజిన్ విడిభాగాల కంపెనీ పెట్టిన విక్ ఎడెల్‌బ్రాక్ సంగతి చెప్పేవారు. ఆయన తన 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ కోసం 1938లో ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలీ పెట్రోలూ పంపే భాగం) చేసుకుంటే, చూసినవాళ్లు మాకూ కావాలన్నారు. 1962లో ఆయన పోయాక కొడుకు ఆ కంపెనీని నడిపించాడు. మా ఇంట్లో మాత్రం ఒక్క కారుకి చేసిన పనిని వ్యాపారంగా మార్చింది అమ్మే. పైపుల్ని సరైన చోట పట్టి ఉంచే ప్రతి జిగ్‌కీ నంబరు వేసి, పైపుల పొడవులూ కోణాలూ పుస్తకంలో రాసిపెట్టేది. అందుకే రెండో కస్టమర్‌కీ అచ్చం అదే హెడర్ ఇవ్వగలిగాం. అమ్మా, నీకు ఎన్నిసార్లు చెప్పినా తక్కువే.

కొలతల కోసం రోజూ నడిపే కార్లను మా దగ్గర వదిలేసి బస్సుల్లో తిరిగిన తొలి కస్టమర్లకు చేతులెత్తి దండాలు. కొత్త మెషీన్ మీద ముందు మీ పైపులే వంచుతాం. పాత హెడర్ మార్చుకోవాలనుకుంటే ఒక్క మాట చెప్పండి చాలు, కారు తేనక్కర్లేదు. కొలతలు అమ్మ పుస్తకంలో ఉన్నాయి.