ముందు 108కి, తర్వాత నాకు

విశాఖపట్నం,
శుక్రవారం రాత్రి

చిన్నా,

కారు ఫొటోలు చూశాను. టైర్ల కింద నిమ్మకాయలు, బానెట్ మీద పసుపు కుంకుమ, పక్కన నవ్వుతూ నువ్వు. సెకండ్ హ్యాండ్ అయితేనేం, నీ జీతంతో నువ్వు కొనుక్కున్నది. నాన్న ఆఫీసులో అందరికీ చూపించారట. నాకూ సంతోషంగా ఉంది. కానీ మొన్న ఆదివారం ఫోన్లో నువ్వన్న మాట ఒకటి అప్పట్నుంచీ మనసులో మెదులుతూనే ఉంది. ఫ్రెండ్‌ని ఎయిర్‌పోర్టులో దింపి తెల్లవారుజామున తిరిగొస్తుంటే పరిగెత్తేవాళ్లు రోడ్డుకి అడ్డమొచ్చారని చెప్పి, "పార్కులుండగా వీళ్లు రోడ్డెక్కడం ఎందుకమ్మా, వాళ్లకేదైనా అయితే మన మీదకొస్తుంది" అన్నావు.

ఆ "వీళ్ల"లో మీ అమ్మ కూడా ఉందిరా.

డాక్టరు షుగర్ బార్డర్లో ఉందన్న ఏడాది నేను నడక మొదలుపెట్టాను, నడక కాస్తా పరుగైంది. మన బీచ్ రోడ్డు నీకు తెలుసు కదా, కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ దాకా పొద్దున్నపూట బారికేడ్లు పెట్టి బండ్లు రానివ్వరు. కాళీమాత గుడి గంట వింటూ, సబ్‌మెరైన్ మ్యూజియం దాటుకుంటూ, నడిరోడ్డు మీద భయం లేకుండా పరిగెత్తొచ్చు. కానీ నేవీ మారథాన్‌లో 21 కిలోమీటర్లు పరిగెత్తాలంటే ఆ కాస్త దూరం చాలదు, గానుగెద్దులా తిరగాలి. అందుకే ఆదివారాలు బారికేడ్లు దాటి తెన్నేటి పార్కు, జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ దాకా వెళ్తాం. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీదే వెళ్తాం. ఉన్నచోట కూడా కాసేపటికి ఓ టిఫిన్ బండి, ఓ ట్రాన్స్‌ఫార్మర్, మూత లేని కాలవ, పార్కు చేసిన బైకులు. అప్పుడు రోడ్డు మీదకి దిగక తప్పదు. నడిచేవాడికి అడ్డం లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. అది మా రోడ్డు దాకా ఎప్పుడొస్తుందో చూడాలి.

ఇప్పుడు నీకు చెప్పని విషయం ఒకటి చెప్తాను. ఫిబ్రవరిలో మా పరుగు గ్రూపులో అక్క కాలు విరిగింది, పడిపోయిందని చెప్పాను గుర్తుందా? పడిపోలేదు. కారు గుద్దింది. నువ్వప్పుడే ఉద్యోగంలో చేరావు, టెన్షన్ పడతావని చెప్పలేదు.

సాగర్‌నగర్ దాటాం. ఇంకా పూర్తిగా తెల్లారలేదు. అక్క నాకంటే పది పదిహేను అడుగుల ముందుంది. నా వెనక నుంచి గాలి కొట్టినట్టయింది, తర్వాత ఒక చప్పుడు. బ్రేకు శబ్దం మాత్రం వినపడలేదు. కారు కొంచెం దూరం పోయి నెమ్మదించింది. వెనక ఎర్ర లైట్లు వెలిగాయి. ఆగుతోందనే అనుకున్నాను. ఆ లైట్లు ఆరిపోయి కారు వెళ్లిపోయింది.

అక్క ఇసుకలో పక్కకి తిరిగి పడి ఉంది. తొడ ఎముక విరిగిందని చూస్తేనే తెలుస్తోంది. తల నా ఒళ్లో పెట్టుకుని 108కి ఫోన్ చేశాను. ఆవిడ చేతికున్న వాచీ ఇంకా నడుస్తూనే ఉంది. దూరం 6.4 దగ్గర ఆగిపోయింది, సెకన్లు మాత్రం పెరుగుతున్నాయి. అంబులెన్స్ వచ్చేదాకా నేను ఆ అంకెల్నే చూస్తూ కూర్చున్నాను. రోడ్డు మీద ఆ కారు పక్కద్దం ఊడిపడి ఉంది, ఇండికేటర్ వైరు వేలాడుతూ. దాన్ని పట్టుకునే పోలీసులు బండి ఏదో కనుక్కున్నారు.

నడిపింది నీ వయసు కుర్రాడే. రాత్రంతా ఎక్కడో గడిపి ఇంటికి పోతున్నాడు. మాకు తెల్లవారుజామున భయం వేసేది వీళ్లని చూస్తేనే. రోజు మొదలుపెట్టి వచ్చేవాళ్లు మెలకువగా ఉంటారు. రాత్రి ముగించుకుని వచ్చేవాళ్ల కళ్లు తెరిచే ఉంటాయి, మనిషి నిద్రలో ఉంటాడు. తాగాల్సిన పని కూడా లేదు, నిద్ర చాలు. ఎయిర్‌పోర్టు నుంచి ఆ వేళప్పుడు వచ్చేటప్పుడు నువ్వెంతసేపట్నుంచి మేలుకుని ఉన్నావో నాకు తెలీదు. అందుకే అడుగుతున్నాను.

మూడో రోజు ఆ కుర్రాడి తండ్రి ఆస్పత్రికి వచ్చారు. మంచి మనిషిలాగే ఉన్నారు. చేతిలో యాపిల్ పళ్ల కవరు. "ఖర్చంతా మేం పెట్టుకుంటాం, పిల్లాడి కెరీర్ పాడవుతుంది, కేసు లేకుండా చూడండి" అన్నారు. అక్కవాళ్లాయన అంతా విని, "మీ అబ్బాయి కూడా వచ్చాడా అండీ?" అని అడిగారు. రాలేదు. ఇవాళ్టిదాకా రాలేదు.

నేనా తండ్రిని తిట్టుకోలేదు రా. ఆయన స్థానంలో నన్ను పెట్టి చూసుకుని భయపడ్డాను. పుణెలో 2024 మేలో జరిగింది నీకూ తెలుసు. పదిహేడేళ్ల పిల్లాడు తాగి కారు నడిపాడని, బైకు మీద వెళ్తున్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు చనిపోయారని కేసు. ముందు 300 మాటల వ్యాసం రాయమని బెయిలిచ్చారు. తర్వాత ఆ పిల్లాడి రక్తం శాంపిల్ మార్చారని, అందుకు తల్లి తన రక్తం ఇచ్చిందని పోలీసులు ఆ తల్లినీ తండ్రినీ డాక్టర్లనీ అరెస్టు చేశారు. నేరం రుజువవడం కోర్టు చూసుకుంటుంది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నువ్వు నెలల పిల్లాడిగా ఉన్నప్పుడు నీకు రక్తం కావలిస్తే నాదే ఎక్కించారు. నీ కోసం రక్తం ఇవ్వడానికి నేనెప్పుడూ సిద్ధమే, కానీ ఆ పనికి కాదు. ఇది నువ్విప్పుడే తెలుసుకోవాలి.

పరిగెత్తేవాళ్ల మీదకి కార్లు రావడం కొత్త కాదు. 2023 మార్చి 19, ఆదివారం, ముంబై వర్లీ సీ ఫేస్ దగ్గర పొద్దున్నే పరుగు తీస్తున్న ఒకావిడని వేగంగా వచ్చిన కారు గుద్ది చంపేసింది. ఆవిడ ఓ టెక్ కంపెనీ సీఈఓ, మారథాన్లు పరిగెత్తే మనిషి. అదే ఏడాది జులై 4న హైదరాబాద్ బండ్లగూడ దగ్గర రోడ్డు పక్కన నడుస్తున్న తల్లీకూతుళ్ల మీదకి కారు దూసుకొచ్చింది. ఆ సీసీటీవీ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది, నువ్వూ నాకు పంపావు, "జాగ్రత్తమ్మా" అని. 2022లో మన దేశంలో రోడ్డు మీద పోయినవాళ్లు 1,68,491 మంది. అందులో 32,825 మంది కాలినడకన ఉన్నవాళ్లే.

ఫౌజా సింగ్ గారి గురించి మాత్రం కాస్త చెప్పనివ్వు, మా గ్రూపులో అందరికీ ఆయనంటే ప్రాణం. పంజాబ్‌లో జలంధర్ దగ్గర బియాస్ పిండ్‌లో పుట్టిన రైతు. కొడుకు కళ్ల ముందే పోతే ఆ దుఃఖంలోంచి బయటపడటానికి పరుగు పట్టుకున్నాడు. 89 ఏళ్లకి, 2000లో, లండన్‌లో మొదటి మారథాన్. 2011లో, వందేళ్ల వయసులో, టొరంటోలో 8 గంటల 11 నిమిషాల్లో పూర్తి మారథాన్ చేశాడు. పుట్టిన సర్టిఫికెట్ లేదని గిన్నిస్ వాళ్లు రికార్డు ఇవ్వలేదు, అది వేరే బాధ. అంత దూరం పరిగెత్తిన మనిషి 2025 జులై 14న, 114 ఏళ్ల వయసులో, సొంతూరి దగ్గర హైవే దాటుతుంటే కారు గుద్ది పోయాడు. గుద్దిన కారు ఆగలేదు. పగిలిన హెడ్‌లైటు ముక్కలు, సీసీటీవీ పట్టుకుని పోలీసులు మర్నాటి రాత్రికి ఇరవయ్యారేళ్ల కుర్రాణ్ణి అరెస్టు చేశారు. ఆ హెడ్‌లైటు ముక్కల సంగతి చదివినప్పుడు నాకు మా రోడ్డు మీద పడి ఉన్న పక్కద్దం గుర్తొచ్చింది.

ఆగకుండా పోతే ఏం జరుగుతుందో నీకు తెలియాలి. ప్రాణం సంగతి అలా ఉంచు, ఆ ఇంటి అన్నం కూడా పోతుంది. బండి దొరికితే ఇన్సూరెన్స్ ఉంటుంది, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ ఆ మనిషి సంపాదన, వయసు, తన మీద ఆధారపడ్డవాళ్లని చూసి పరిహారం లెక్కేస్తుంది. బండి ఏదో తేలకపోతే హిట్ అండ్ రన్ కింద ప్రభుత్వం ఇచ్చేది చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అది కూడా 2022 ఏప్రిల్లో పెంచాక. పారిపోయేవాడు ఆ ఇంటి పిల్లల ఫీజులు కూడా పట్టుకుపోతున్నట్టే.

చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం బండి నడిపేవాడే దెబ్బ తగిలినవాళ్లని దగ్గర్లో ఉన్న ఆస్పత్రికి చేర్చాలి, 24 గంటల్లోపు పోలీసులకి చెప్పాలి. జనం కొడతారనే భయం ఉంటే, ఆ పరిస్థితి నిజంగానే ఉంటే, అక్కణ్ణుంచి తిన్నగా పోలీస్ స్టేషన్‌కి వెళ్లు, ఇంటికి కాదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే ఐపీసీ బదులు వచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు. చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అని ఇంకో క్లాజు పెట్టారు. దాని మీద 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేస్తే కేంద్రం దాన్ని పక్కన పెట్టింది, మిగతా చట్టమంతా ఆ జులైలో అమల్లోకొచ్చింది. ఆ పదేళ్ల మాట అమల్లో లేదని నువ్వు లెక్కలు వేసుకోవని నాకు తెలుసు. మైనరు నడిపితే కన్నవాళ్లకి జైలు. నీకు ఇరవై మూడేళ్లు, చట్టం నన్నేమీ అడగదు. అయినా అక్క ఎదురుగా కూర్చుని నేను ఏమని మాట్లాడతాను?

నీ తప్పు లేకుండా కూడా జరగొచ్చు. మసక వెలుతురు, నల్ల టీషర్టు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు, మాలోనూ జాగ్రత్త లేనివాళ్లున్నారు. నేనిప్పుడు మెరిసే పట్టీల జాకెట్ వేసుకుంటున్నాను, పాటలు మానేశాను, ఫుట్‌పాత్ లేనిచోట కుడివైపు, ఎదురొచ్చే బండ్లు కనపడేలా పరిగెడుతున్నాను. ఆ రోజు మేం ఎడమవైపు ఉన్నాం. అది నా మనసులో గుచ్చుకుంటూనే ఉంది.

కానీ మేం ఎంత జాగ్రత్తపడినా మిగతాది నడిపేవాళ్ల చేతిలోనే ఉంది. 60 మీద పోతుంటే సెకనుకి దాదాపు 17 మీటర్లు వెళ్తావు. మెసేజ్ ఎవరిదా అని రెండు సెకన్లు ఫోన్ చూస్తే 33 మీటర్లు. మన వీధిలో మనింటి నుంచి కిరాణా కొట్టు దాకా, కళ్లు మూసుకుని. ఆ మధ్యలో మన వీధి పిల్లలు ఎంతమంది సైకిళ్లు తొక్కుతారో ఒకసారి గుర్తు తెచ్చుకో. ఫోన్ వెనక సీట్లో పెట్టు. మ్యాప్ కావాలంటే బండి ఆపి పెట్టుకో. పరిగెత్తేవాళ్లు కనపడితే వేగం తగ్గించి, వాళ్లకి ఒక మనిషి వెడల్పు కంటే ఎక్కువ చోటొదిలి వెళ్లు. వెనక నుంచి హారన్ కొట్టకు, ఉలిక్కిపడి లోపలికి అడుగేస్తారు. నిద్ర ముంచుకొస్తే ఎక్కడో ఒకచోట ఆపి పడుకో, ఇంటికి పొద్దెక్కి వచ్చినా ఫర్వాలేదు.

దేవుడి దయవల్ల అలాంటి రోజు రాకూడదు. వస్తే బండి ఆపు, ఇండికేటర్లు వెయ్యి, 108కి ఫోన్ చెయ్యి, 112కి చెయ్యి, ఆ మనిషి పక్కన కూర్చో. ఆ తర్వాత నాకు చెయ్యి. ఏ అర్ధరాత్రైనా ఎత్తుతాను, దొరికిన మొదటి బస్సో రైలో ఎక్కి వస్తాను. లాయరుని మాట్లాడతాను, స్టేషన్లో నీ పక్కన ఉంటాను, ఆస్పత్రికి నీతో కలిసి వెళ్తాను. వాళ్లు తిడితే నేనూ పడతాను. "నేను కాదు" అని మాత్రం నా చేత చెప్పించకు.

ఇంకెవరో గుద్దగా నువ్వు చూస్తే అప్పుడు కూడా ఆగు. సాయం చేసినవాణ్ణి పోలీసులు ఇబ్బంది పెట్టకూడదని, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదని 134ఏ సెక్షన్ ఉంది. ఆ రోజు మాకోసం ఆగింది ఒక పాల ఆటో అబ్బాయి. తన తువ్వాలు ఇచ్చి అక్క కాలికి కట్టాడు. పాల క్యాన్లు అలాగే ఉన్నాయి, అంబులెన్స్ వచ్చేదాకా కదల్లేదు.

అక్క తొడలో రాడ్డు వేశారు. ఆర్నెల్లు మంచంలోనే ఉంది. ఇప్పుడు కర్రతో నడుస్తోంది. ఈ ఆదివారం బారికేడ్ల దగ్గర నుంచి కాళీమాత గుడి దాకా నడుస్తానని పట్టుబట్టింది, నన్ను పక్కన ఉండమంది. నాలుగున్నరకి లేచి ముందు వాళ్లింటికి వెళ్లాలి. దసరాకి నువ్వొచ్చేలోపు గుడి దాటి సబ్‌మెరైన్ దాకా వెళ్తుందేమో.

కారు ఇన్సూరెన్స్ నీ పేరు మీదకి మారిందో లేదో కాగితం చూసి రేపు నాకు ఫొటో పంపు.

అమ్మ