చివరి గీత మీద వచ్చే ఆట మొదట్లోనే ఎందుకు రాదు?

సంపాదకులకు,

వీడియో గేముల పోటీల వార్తల్లో, ఓడిపోతున్నవాడు పుంజుకొని గెలిస్తే ‘అద్భుతం’, ‘మొండి పట్టుదల’, ‘అదృష్టం’ అనే మూడు మాటల్లో ఏదో ఒకటి తగిలించడం పత్రికలకు అలవాటైపోయింది. ఆట నేర్చుకుంటున్న పిల్లలు అది చదివి, గుండె ధైర్యం ఉంటే చాలనుకుంటున్నారు. ఓటమి దగ్గరపడ్డప్పుడు ఆట మెరుగుపడటానికి స్పష్టమైన కారణాలున్నాయి. వాటిలో చాలావాటిని మ్యాచ్ మొదటి నిమిషం నుంచే వాడుకోవచ్చు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

ఇద్దరు చెరో పాత్రతో కొట్లాడే ఫైటింగ్ గేములు ఆడేవాళ్లందరికీ తెలిసిన మ్యాచ్ ఒకటుంది. 2004లో అమెరికాలో జరిగిన ఈవో అనే ఫైటింగ్ గేముల టోర్నమెంట్, ఆట స్ట్రీట్ ఫైటర్ 3: థర్డ్ స్ట్రైక్. జపాన్‌కు చెందిన డైగో ఉమెహరా కెన్ అనే పాత్రతోనూ, అమెరికాకు చెందిన జస్టిన్ వాంగ్ చున్‌లీ అనే పాత్రతోనూ ఆడుతున్నారు. కెన్ హెల్త్ బార్‌లో (మిగిలిన ప్రాణాన్ని చూపే పట్టీలో) కనపడీ కనపడని గీత మిగిలింది. ఆ గేమ్‌లో స్పెషల్ దెబ్బలను, మీటర్ నిండాక వేసే సూపర్ దెబ్బలను బ్లాక్ చేసినా (అడ్డుకున్నా) కొంత హెల్త్ పోతుంది కాబట్టి ఆ స్థితిలో బ్లాక్ చేసినా చావే. వాంగ్ సూపర్ వేశాడు. వరసగా 15 తన్నులు. ఉమెహరా 15 తన్నులనూ ప్యారీ చేసి, ఎదురు కాంబో (ఒకదాని వెంట ఒకటి తగిలే దెబ్బల వరస) కొట్టి రౌండ్ గెలిచాడు.

ప్యారీ అంటే దెబ్బ తగిలే క్షణంలో స్టిక్‌ను ప్రత్యర్థి వైపు ఒక్కసారి తట్టడం. కుదిరితే హెల్త్ ఏమాత్రం పోదు, కుదరకపోతే దెబ్బ పూర్తిగా తగులుతుంది. పైగా ఆ సూపర్ మొదలయ్యాక చూసి స్పందిస్తే మొదటి తన్నుకే ఆలస్యమైపోతుంది, అది వస్తుందని ముందే ఊహించి సిద్ధంగా ఉండాలి. ఆ ఊహ ఎలా కుదిరింది? కెన్‌ను చంపడానికి బ్లాక్ మీద పడే చిన్న దెబ్బ చాలు, ఆ పని అన్నిటికంటే తేలిగ్గా చేసేది సూపర్. అంటే వాంగ్ ఏం కోరుకుంటాడో బార్ చూస్తేనే తెలిసిపోతోంది. ఉమెహరాకు ఉన్న దారీ ఒక్కటే. హెల్త్ సగం ఉండి ఉంటే ఎవరైనా బ్లాక్ చేసి ఊరుకునేవారు, అది సరైన నిర్ణయమే కూడా. ఆ టోర్నమెంట్ ఫైనల్‌లో ఉమెహరా గెలవలేదు. ఈ మ్యాచ్‌ను తలుచుకునేవాళ్లలో చాలామంది ఆ సంగతి మరిచిపోతారు.

అంచున ఉన్న ఆటగాడికి కలిసొచ్చేవి ఇవే. చేయాల్సినవి తగ్గిపోతాయి కాబట్టి ఎంచుకోవడానికి పట్టే సమయం తగ్గుతుంది. ఎదుటివాడు తుది దెబ్బ కోసం ఆత్రపడి ఒకే తరహా ఎత్తులు వేస్తాడు: దూరం నుంచి ఫైర్‌బాల్, లేస్తున్నప్పుడు మీద పడే దెబ్బ, లేదా బ్లాక్ అయితే తనకే ప్రమాదమైన పెద్ద మూవ్. ఇక మూడోది అన్నిటికంటే ముఖ్యం. అప్పటిదాకా దాచుకున్నవన్నీ బయటికొస్తాయి. సూపర్ మీటర్ నిండుగా పెట్టుకొని ఓడిపోవడం, ప్రాణం పెంచే మందు సీసాలు సంచిలోనే ఉండగా చచ్చిపోవడం, గ్రెనేడ్లు వేయకుండానే రౌండ్ ముగిసిపోవడం కొత్తవాళ్ల రీప్లేల్లో (ఆడిన ఆటల రికార్డింగుల్లో) ఎప్పుడూ కనిపించేవే. హెల్త్ పదో వంతుకు పడ్డాక వాడిన సూపర్‌ను సగం ఉన్నప్పుడే వాడి ఉంటే ఆ పదో వంతుకు పడేవాళ్లే కాదు.

అయితే అంచున అందరూ బాగా ఆడరు. 1908లో యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, తేలికైన పనిని ఎలుకలు గట్టి షాక్ ఇచ్చినప్పుడు త్వరగా నేర్చుకున్నాయి. కష్టమైన పనికి మాత్రం మధ్యస్థమైన షాకే మేలు చేసింది, గట్టిది చెరుపు చేసింది. గేముకు దీన్ని అన్వయిస్తే, గుండె దడదడలాడుతున్నప్పుడు ఒక్క బటన్‌తో అయ్యే పనులు చురుగ్గా వస్తాయి, ఎనిమిది బటన్ల కాంబో మధ్యలో జారిపోతుంది. అందుకే హెల్త్ తక్కువున్నప్పుడు వాడే కాంబో వేరేగా ఉండాలి. పొట్టిది, దెబ్బ కొంచెం తక్కువైనా పదిసార్లు వేస్తే పదిసార్లూ పడేది. శిక్షణ గదిలో పదికి ఏడుసార్లు పడే కాంబోను ఆ దశలో ముట్టుకోకూడదు.

ఒత్తిడిలో తడబడటం గురించి 1984లో రాయ్ బౌమైస్టర్ రాసినది కూడా గేమర్లకు పనికొస్తుంది. అలవాటుగా జరిగిపోయే పనిని మనసు పెట్టి ఒక్కొక్క కదలికగా గమనించడం మొదలుపెడితే ఆ పని చెడుతుందని ఆయన వాదన. ఓడిపోయే ముందు ‘బొటనవేలు ఎటు తిప్పుతున్నాను’ అని ఆలోచించినవాడు తడబడతాడు, ‘అతను దూకుతాడా లేదా’ అని ప్రత్యర్థిని చూసేవాడికి చేయి దానంతటదే పనిచేస్తుంది. చూపు ఎక్కడుందన్నదే ఇక్కడ కీలకం. భయపడ్డ ఆటగాడి కళ్లు తన హెల్త్ బార్‌కు అతుక్కుపోతాయి. అక్కడ తెలుసుకోవాల్సిందేమీ లేదు. చాలా గేముల్లో హెల్త్ తగ్గగానే తెర అంచులు ఎర్రబడతాయి, గుండె చప్పుడు వినిపిస్తుంది. ఆ ఎరుపు అంచున వచ్చే శత్రువును కప్పేస్తుంది, ఆ చప్పుడు అడుగుల శబ్దాన్ని మింగేస్తుంది. సెట్టింగ్స్‌లో వాటిని తగ్గించే వీలుంటే తగ్గించుకోవాలి.

చేతుల సంగతీ చెప్పాలి. భయంలో పట్టు బిగుస్తుంది. కంట్రోలర్ స్టిక్‌ను చివరిదాకా తోసేస్తే గురిని వెంట్రుకవాసి సరిచేసే వీలు పోతుంది, మౌస్ బిగించి పట్టుకుంటే గురి లక్ష్యాన్ని దాటి వెళ్లి వెనక్కి రావాల్సి వస్తుంది. ఊపిరి బిగబట్టడం దీనికి తోడు. రౌండ్ల మధ్య వ్యవధిలో ఊపిరి నిదానంగా వదిలి, వేళ్లు ఒకసారి పూర్తిగా చాచి మళ్లీ పట్టుకోవాలి. చిన్న పని, కానీ ఫలితం వెంటనే కనిపిస్తుంది.

గేమే సాయం చేస్తున్న సందర్భాలను వేరుగా చూడాలి, లేకపోతే ఆటగాడు తన నైపుణ్యాన్ని తప్పుగా అంచనా వేసుకుంటాడు. టెక్కెన్ 7లో హెల్త్ బాగా తగ్గితే రేజ్ అనే స్థితి వచ్చి దెబ్బల బలం పెరుగుతుంది. స్ట్రీట్ ఫైటర్ 4లో అల్ట్రా కాంబో అనే బలమైన దాడికి కావాల్సిన గేజ్ (మీటర్) దెబ్బలు తింటేనే నిండుతుంది. మారియో కార్ట్‌లో వెనకబడ్డవాళ్లకే బలమైన ఐటమ్స్ దొరుకుతాయి. కొన్ని గేముల్లో బార్‌లోని చివరి ముక్క, తెరమీద కనిపించే దానికంటే ఎక్కువ దెబ్బలు తట్టుకునేలా తయారుచేస్తారు, ఆటగాడికి తృటిలో బయటపడ్డానన్న ఆనందం కలగాలని. అది డిజైనర్ల ప్రతిభ. దాన్ని మనదిగా లెక్కేసుకోకూడదు.

అంచున ఆట మెరుగుపడటం దాదాపు అసాధ్యమైన గేములూ ఉన్నాయి. పైనుంచి పడే ముక్కలను పేర్చి, నిండిన వరసలను తీసేసే పాత నింటెండో టెట్రిస్‌లో 19వ లెవెల్ నుంచి 28 దాకా ముక్క రెండు ఫ్రేములకు ఒక వరస చొప్పున దిగుతుంది. ఫ్రేము అంటే తెరమీద మారే ఒక్కో బొమ్మ, ఆ గేమ్ సెకనుకు దాదాపు 60 ఫ్రేములు. తెర ఎత్తు 20 వరసలు కాబట్టి ఖాళీగా ఉంటే ముక్కను జరపడానికి 40 ఫ్రేములు, అంటే సెకనులో మూడింట రెండు వంతులు దొరుకుతుంది. పేర్పు 10 వరసలకు చేరితే అది సగమవుతుంది. అక్కడ ఎంత ధైర్యం ఉన్నా చాలామందికి ముక్క ఎడమ అంచుకు చేరేలోపే కింద పడుతుంది. ఈ ఆటలో దిద్దుబాటు అంచున కాదు, అంతకు చాలా ముందే జరగాలి. నాలుగు వరసలు ఒకేసారి తీస్తే 1200, ఒక్క వరసకు 40 పాయింట్లు (లెవెల్‌ను బట్టి ఇవి పెరుగుతాయి) కాబట్టి అందరూ నాలుగు గళ్ల నిలువు కడ్డీ కోసం ఎదురుచూస్తూ ఎత్తు పెంచుకుంటారు. కడ్డీ రాదు. పేర్పు సగం దాటకముందే ఒకటీ రెండు వరసలు తీసి దించుకోవడం నేర్చుకోవాలంటే అదే గేమ్‌లోని బి-టైప్ అనే ఆట పద్ధతిలో ఎత్తు 5 పెట్టుకొని ఆడాలి. కింద 12 వరసల చెత్తతో మొదలవుతుంది, 25 వరసలు తీయాలి. తవ్వడం నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం లేదు.

జట్టు షూటర్లలో (జట్లు తుపాకులతో తలపడే గేముల్లో) అంచున ఆట అంటే చాలావరకు లెక్కే. కౌంటర్-స్ట్రైక్‌లో వరసగా ఓడే జట్టులో ఒక్కొక్కరికీ ఆయుధాలు కొనుక్కోవడానికి వచ్చే గేమ్ డబ్బు రౌండ్ రౌండ్‌కూ 500 డాలర్ల చొప్పున పెరుగుతూ గరిష్ఠంగా 3400కు చేరుతుంది. ఏకే-47 తుపాకీ ధర 2700, హెల్మెట్‌తో కవచం 1000. కంగారుపడి ప్రతి రౌండ్లో చేతిలో ఉన్నదంతా ఖర్చు చేసే జట్టు ఎప్పుడూ అరకొర ఆయుధాలతోనే దిగుతుంది. ఒక రౌండ్ వదిలేసుకొని డబ్బు కూడబెట్టిన జట్టు తర్వాతి రౌండ్లో అయిదుగురికీ పూర్తి ఆయుధాలతో వస్తుంది. బయటికి పుంజుకున్నట్టు కనిపించేది సగం ఇదే.

ఒక్కడే మిగిలినప్పుడు కూడా అంతే. ఈ గేమ్‌లో ఒక జట్టు పెట్టిన బాంబును రెండో జట్టు నిర్వీర్యం చేయాలి, అది పేలడానికి 40 సెకన్లు. నిర్వీర్యం చేయడానికి 10 సెకన్లు, కిట్ ఉంటే 5. కిట్ లేనివాడు ఇంకా 10 సెకన్లు ఉండగానే మొదలుపెట్టాలి కాబట్టి వెతుకులాటకు నిజంగా ఉన్న సమయం 30 సెకన్లే. ముగ్గురు ఎదురుగా ఉంటే ముగ్గురితో ఒకేసారి తలపడకూడదు, ఒక్కొక్కరే కనపడే మూలను ఎంచుకోవాలి. పరుగెత్తితే అడుగుల చప్పుడు వినపడుతుంది, నడకకు మారాలి. ఒకరిని కాల్చగానే అలవాటుగా తుపాకీ లోడ్ చేయడం ఈ దశలో ఎక్కువ మందిని చంపే పొరపాటు. గుళ్లు సగం ఉన్నా లోడ్ చేస్తూ నిలబడితే రెండోవాడు అప్పుడే వస్తాడు. మ్యాచ్ అంతటా పరుగులు పెట్టినవాడు ఒంటరిగా మిగలగానే నిశ్శబ్దంగా నడుస్తాడు, శబ్దం వింటాడు, గడియారం చూస్తాడు. అయిదుగురూ బతికున్నప్పుడు ఇవి ఎందుకు చేయలేదని శిక్షకుడు అడగాలి.

సాధన ఇలా ఉండాలి. ఫైటింగ్ గేముల శిక్షణ మోడ్‌లో చాలావాటికి హెల్త్‌ను కావాల్సినంతకు కుదించే వీలుంది. తన బార్‌ను 20 శాతానికి, ఎదుటివాడిది పూర్తిగా పెట్టి పది రౌండ్లు ఆడాలి. తర్వాత ఇద్దరికీ పూర్తి హెల్త్‌తో పది రౌండ్లు. రెంటి రీప్లేలూ పక్కపక్కన పెట్టుకొని మూడే విషయాలు రాసుకోవాలి: ఏ మూవ్‌లు వాడాడు, సూపర్ ఎప్పుడు వేశాడు, దెబ్బ తిన్న ప్రతిసారీ అంతకు ముందు ఏ బటన్ నొక్కాడు. మొదటి పదిలో కనిపించని మూవ్‌లు రెండో పదిలో చాలా ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం అవసరం లేనివే, ప్రాణం నిండుగా ఉంది కదా అని చేసినవే. గెలిచిన రౌండ్లతో పాటు ఓడినవీ రాసుకోవాలి. పుంజుకున్న ఆటలే గుర్తుంటాయి, చివరి గీత మీద చప్పున ముగిసిపోయినవి గుర్తుండవు.

మీ క్రీడా విభాగానికి ఒక విన్నపం. పుంజుకున్న మ్యాచ్ గురించి రాసేటప్పుడు, ఆ ఆటగాడి దగ్గర అప్పటికి ఎంత హెల్త్, ఎంత మీటర్, ఎంత డబ్బు మిగిలాయో, ప్రత్యర్థి ఏం ఆశించాడో, ఏ నిర్ణయంతో ఆట తిరిగిందో రెండు వాక్యాల్లో రాయించండి. నేర్చుకునే పిల్లలు ఆ వార్త కత్తిరించి దాచుకుంటారు.

భవదీయులు,
పోటీ గేముల శిక్షకులు