పురుగు కనిపించని పురుగు ఫొటోలు

సంపాదకులకు నమస్కారం.

మీ జిల్లా సంచికలోని వ్యవసాయ పేజీలో మిర్చి తోటల తెగుళ్లు, పురుగులపై వచ్చే కథనాలను శ్రద్ధగా చదివే పాఠకుల్లో నేనొకణ్ని. కథనాలలోని సమాచారం బాగానే ఉంటున్నా, పక్కన అచ్చువేసే ఫొటోలు మాత్రం రైతుకు అక్కరకు రావడం లేదు. పూరేకు అంచు ఈనెలతో సహా స్పష్టంగా ఉంటుంది, పురుగు ఉండవలసిన చోట మసక చుక్క ఉంటుంది.

2021లో వరంగల్, మహబూబాబాద్, ఖమ్మం ప్రాంతాల మిర్చిని దెబ్బతీసిన నల్ల తామర పురుగు పొడవు సుమారు ఒక మిల్లీమీటరు. పాత తామర పురుగు లేత పసుపు రంగులో ఉండి ఆకులు పైకి ముడుచుకునేలా చేస్తే, ఇది పూలలో చేరి పూతను రాల్చేస్తుంది. ఆకులు కిందికి ముడుచుకుంటే అది మొక్కల రసం పీల్చే నల్లి పని కావచ్చు, దానికి కొట్టే మందే వేరు. ఈ తేడా చూపవలసిన ఫొటోలో పురుగు రంగు కూడా తెలియకపోతే, వాట్సాప్‌లో దాన్ని అందుకున్న వ్యవసాయ విస్తరణ అధికారి మాత్రం ఏం చెప్పగలరు?

ఖరీదైన కెమెరాతో ఈ చిక్కు తీరిపోదు. పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు, చిన్నవాటిని దగ్గరగా తీసే మాక్రో లెన్స్ తగిలించి, సెన్సర్ మీద పురుగు అసలు సైజులో పడేటట్టు తీస్తే, లెన్స్ రంధ్రం ఎఫ్/8 కొలత దగ్గర ఉన్నప్పుడు స్పష్టత నిలిచే లోతు దాదాపు ఒక మిల్లీమీటరే. ఆ రంధ్రాన్ని ఎఫ్/22 దాకా మూస్తే లోతు పెరుగుతుంది గానీ, సన్నని రంధ్రం గుండా వెళ్లే కాంతి చెదరడం (వివర్తనం) వల్ల చిత్రమంతా పదును కోల్పోతుంది. కాబట్టి మీ ఫొటోగ్రాఫర్లు ఎఫ్/8, ఎఫ్/11 మధ్యనే ఉండి, ఆటోఫోకస్ ఆపేసి, ఫోకస్ రింగును కదపకుండా, తామే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుగుతూ, పురుగు కన్ను తేటపడిన క్షణంలో బటన్ నొక్కడం మేలు. పురుగును పక్కనుంచి, దాని ఒంటికి సమాంతరంగా కెమెరా పట్టుకుంటే తల నుంచి తోక దాకా ఆ సన్నని లోతులోనే ఇముడుతుంది.

రైతు చేతిలో ఉండేది ఫోనే. చాలా ఫోన్ల ప్రధాన కెమెరా మరీ దగ్గరికి తీసుకెళ్తే ఫోకస్ పట్టదు. కాస్త వెనక్కి జరిగి, రెండింతలు జూమ్ చేసి, తెరపై పురుగు ఉన్నచోట వేలితో నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేసుకోవాలి. చేనులో గాలికి పూలు ఊగుతుంటే ఇదంతా వృథా. పూవును తెంపి కాగితంపై దులిపితే పురుగులు రాలతాయి. అయితే ఉత్త తెల్లకాగితంపై కెమెరాకు పట్టు దొరక్క తడబడుతుంది, అందుకే అక్షరాలున్న దినపత్రిక అంచు మేలు. పక్కనున్న అక్షరాన్ని బట్టి పురుగు సైజు కూడా తెలుస్తుంది. ఎండ నేరుగా పడకుండా నీడలో, ఫోన్‌ను రెండు గ్లాసుల మీద అడ్డంగా ఆనించి తీస్తే చేతి వణుకు కూడా ఉండదు.

పూత దశకు ముందే ఈ వివరాలను మీ వ్యవసాయ పేజీలో వేయగలరని కోరుతున్నాను. ఇకపై వేసే ప్రతి ఫొటో కింద పురుగు అసలు పొడవును, అది ఆకుపై దొరికిందో పూలలో దొరికిందో తెలపండి. స్పష్టమైన ఫొటో దొరకని నాడు, ఇంటర్నెట్‌లో దొరికిన ఏదో పురుగు బొమ్మ పెట్టడం కంటే ఆ చోటులో లక్షణాలను నాలుగు వాక్యాల్లో రాయడమే నయం.

ఇట్లు,
ఒక పాఠకుడు,
నర్సంపేట, వరంగల్ జిల్లా.