భయపడిన పిల్లల గురించి, పేరెంట్స్‌కి

పేరెంట్స్ అందరికీ నమస్కారం,

ఈసారి మార్కుల సంగతి పక్కన పెడదాం. తలుపు ధడేల్‌మని పడితే ఉలిక్కిపడి చెవులు మూసుకునే పిల్లాడు, టీచర్ గొంతు కాస్త పెంచితే చాలు రోజంతా నోరు విప్పని పాప, వీళ్ళని మనం పిరికి అనో మొండి అనో ఇట్టే అనేస్తాం. ఇంట్లో కొట్లాటలు, దెబ్బలు, దగ్గరివాళ్ళు ఉన్నట్టుండి పోవడం ఇలాంటివి చూసిన పిల్లల మెదడులో ప్రమాదాన్ని పసిగట్టే అమిగ్డాలా అనే భాగం చీటికీమాటికీ అలారం కొడుతూనే ఉంటుంది, ఒళ్ళంతా భయంలో ఉన్నప్పుడు ఇక లెక్కలు ఎలా బుర్రకెక్కుతాయి చెప్పండి.

ఏడిస్తే ఎవరో ఒకరు వస్తారు అన్న నమ్మకం పసితనంలోనే మొదలవుతుంది, జాన్ బౌల్బీ అనే బ్రిటిష్ సైకియాట్రిస్ట్ దీన్నే అటాచ్‌మెంట్ అన్నారు. అది దెబ్బతింటే స్నేహాల్లో, పెళ్ళిలో, తర్వాత సొంత పిల్లల్ని పెంచేటప్పుడు కూడా ఆ బెదురు బయటపడొచ్చు. అమెరికాలో 1995-97 మధ్య 17 వేల మందికి పైగా పెద్దవాళ్ళని వాళ్ళ బాల్యం గురించి అడిగితే, చిన్నప్పుడు ఇలాంటి కష్టాలు ఎన్ని ఎక్కువ పడితే డిప్రెషన్, తాగుడు, గుండె జబ్బులు అంత ఎక్కువగా కనిపించాయి.

అలా అని వాళ్ళ జీవితం అంతే అనుకోకండి ప్లీజ్. హవాయిలోని కవాయి దీవిలో 1955లో పుట్టిన పిల్లల్ని ఎమీ వెర్నర్ అనే సైకాలజిస్ట్ టీమ్ దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చింది, బాగా కష్టాల్లో పెరిగిన వాళ్ళలో సుమారు మూడో వంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు, వాళ్ళకి కనీసం ఒక్క పెద్దమనిషైనా గట్టి అండగా ఉన్నారు, అది అమ్మానాన్నే కానక్కర్లేదు, అమ్మమ్మ కావచ్చు టీచర్ కావచ్చు. నాకు ఈ మాట ఎంత ధైర్యమో చెప్పలేను.

మీ చిన్నతనం కష్టంగా గడిచినా అదే మళ్ళీ మీ పిల్లలకీ రావాలనేం లేదు. కోపంలో అరిచేశారా, కాసేపటికి దగ్గరికెళ్ళి "ఇందాక గట్టిగా అరిచాను, భయపడ్డావా నాన్నా" అని అడగండి, పిల్లలకి అది చాలా పెద్ద విషయం.

ఇంట్లో ఏదైనా జరిగితే మాకు వివరాలు అక్కర్లేదండీ, "ఈ వారం కొంచెం చూసుకోండి" అని క్లాస్ టీచర్‌కి ఒక్క మెసేజ్ పెట్టండి చాలు. ఆ బిడ్డని అందరి ముందు నిలబెట్టి ప్రశ్నలు అడగొద్దని, ఆ వారం హోంవర్క్ గురించి ఒత్తిడి చేయొద్దని టీచర్లందరికీ చెప్పాను.

ఇట్లు,
మీ హెడ్‌మిస్ట్రెస్